గోడలేని చెరసాల

చెరసాల యనగానే మనకు ముందుగా తోచునది గోడ. ఎత్తైన గోడ, దానిపైన ముండ్లతీగ, ఒక పెద్ద తలుపు, ఆ తలుపులో నొక చిన్న తలుపు, దానియొద్ద తుపాకి పట్టిన కావలివాడు. ఈ చిత్రము మన మనస్సులో నెంత గట్టిగా నాటుకొన్నదనగా, గోడలేని చోటును చెరసాల యని పిలుచుటకు మనకు నోరు రాదు. అయినను అనంతపురమునకు చేరువనున్న రెడ్డిపల్లెలో అట్టి చోటు 1965 నుండి కలదు. దానిని ఖైదీల వ్యవసాయక్షేత్రమందురు. వేయి యెకరములకు మించిన నేల. అందు పనిచేయువారు పురుషులు, శిక్ష పడినవారు. యావజ్జీవశిక్ష పడినవారును వారిలో కలరు. తెల్లవారగనే తలలు లెక్కింతురు, ప్రొద్దుగుంకిన పిమ్మట మరల లెక్కింతురు. ఆ రెండు లెక్కల నడుమ వారు దున్నుదురు, కలుపు తీయుదురు, పశువులను కాతురు. పారిపోదలచినవానికి అడ్డమేమున్నది? పారిపోనని వా డిచ్చిన మాట యున్నది. పారిపోయి పట్టుబడినచో మరల గోడలోపలికి పోవలసివచ్చునన్న భయమును కలదు గాని, రాత్రివేళ పొలము గట్టున ఒంటరిగా నున్నవానిని భయమొక్కటియే నిలుపజాలదు.

ఒక మనుష్యుని మాట నమ్మి వానిని బయలులో విడిచిపెట్టవచ్చునా? వచ్చునని అరువదియేండ్ల అనుభవము చెప్పుచున్నది. ఇట్టి క్షేత్రములనుండి అప్పుడప్పు డొకడు పారిపోవుట లేకపోలేదు. గోడలున్న జైళ్ళనుండియు పారిపోవుచునే యున్నారు గదా! మా సందేహము వేరు. మనుష్యుని మాట నమ్మదగినదే యైనచో, దానిని ఎప్పటినుండి నమ్మవలెను? ఎవని మాట నమ్మవలెను?

కదిరికి తూర్పున గాండ్లపెంట కలదు. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా యేర్పడువరకు అదియు అనంతపురము జిల్లాలోనిదే. వేమనయోగి సమాధి యని జనులు కొలుచు కటారుపల్లె ఆ మండలములోనిది. మెట్టసేద్యము, వేరుసెనగ, మబ్బువైపు చూపు; వాన తప్పినచో బెంగుళూరు దారి. ఇట్టి సీమలో నొక కూలివాడు ఏదో గట్టుతగవులో పట్టుబడె ననుకొందము. కొట్టినవాడు వాడో కాదో యింకను తేలలేదు. అది తేలువరకు వాడు నిర్దోషియనియే చట్టము భావించును. న్యాయాధికారి దయగలవాడై జామీను మంజూరు చేసెననియే యనుకొందము. కాని యిద్దరు పూచీదారులు కావలెను. వారు ఊరక వచ్చి నిలువబడిన చాలదు, పట్టాదారు పాసుపుస్తకమో, ఇంటిపన్ను రసీదో చూపవలెను. భూమిగలవాడు కూలివానికి ఉట్టిపుణ్యమునకు పూచీ పడునా? పడినచో ఆ ఋణము ఎన్ని యేండ్ల చాకిరితో తీర్చవలెనో మన పల్లెల నెరిగినవారికి చెప్పనక్కరలేదు. పూచీదారులు దొరకరు. దొరకలేదు గావున వాడు సబ్‌జైలులో కూర్చుండును.

సబ్‌జైలు కట్టడమును గూర్చి ఒకమాట. పూర్వము మద్రాసు రాజధానిలో తాలూకా కచేరియు, సర్కారు ఖజానాయు, సబ్‌జైలును ఒకే యావరణములో నుండెడివి. రాత్రి కావలి రెంటికి నొక్కటియే. శిస్తు సొమ్మొక గదిలోను, మనుష్యులొక గదిలోను భద్రముగా నుండెడివారు. సొమ్మునకు కదలనక్కరలేదు. మనుష్యునకు నడవ నింత చోటును, చేయ నింత పనియు కావలెనన్న యూహ ఆ కట్టడము గీచినవానికి తోచలేదు. ఏలయన, అతడచట కొద్దిదినము లుండిపోవువాడనియే తలంపు. ఆ కొద్దిదినములే నెలలై, కొందరికి సంవత్సరములగుట మనము చూచుచున్నాము. శిక్ష పడనివానికి జైలులో పనిలేదు గావున కూలియు లేదు. గోడ చూచుచు కూర్చుండుటయే వాని పని.

ఇప్పుడు ఈ రెండు చోట్లను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. నేరము చేసెనని న్యాయస్థానము తేల్చినవాడు రెడ్డిపల్లెలో ఆకాశము క్రింద నాగలి పట్టుచున్నాడు. నేరము చేసెనో లేదో తేలనివాడు ఇనుపచువ్వల వెనుక నున్నాడు. మొదటివాని మాటను సర్కారు నమ్మినది. రెండవవాని మాటకు పాసుపుస్తకము అడుగుచున్నది. మొదటివానికి దొరికిన దానిని తీసివేయుమని మేము చెప్పుటలేదు, అతని మేలునకు మేము సంతసించుచునే యున్నాము. కాని మనుష్యుడు నమ్మదగినవాడని తెలిసికొనుటకు ముందుగా వానిని దోషిగా తేల్చి, కొన్నియేండ్లు గోడల నడుమ నుంచి, ఆ పిమ్మట గదా మనము పరీక్షించుచున్నాము! 2022వ సంవత్సరాంతమున మన దేశపు జైళ్ళలో 5,73,220 మంది యుండగా, వారిలో 4,34,302 మంది విచారణ ముగియనివారే. అనగా నూటికి 75 మందికి పైగా. కావున మా కూలివాని కథ అరుదైనది కాదు. జైలు అనునది ముఖ్యముగా వానికే కట్టబడినదా యనిపించును.

నేరము తేలకుండ చెరబట్టుట మన సీమకు క్రొత్త కాదు. పెనుకొండలో తిమ్మరుసు బందిఖానా యని నేటికిని ఒక కట్టడమును చూపుదురు. కృష్ణదేవరాయలు తన కుమారుని చావునకు మహామంత్రియే కారణమని యనుమానించి, విచారింపకయే చెరలో వేసి కన్నులు తీయించెననియు, నిజము తెలియునప్పటికి కాలము మించిపోయెననియు జనశ్రుతి. ఇందు చరిత్ర యెంతయో, కథ యెంతయో పండితులు విచారింతురు గాక. జనులు అయిదువందల యేండ్లుగా ఈ కథను మరువకుండుట మాత్రము గమనింపదగినది. తిమ్మరుసు వంటివాని కైనందున అది కథయైనది. కూలివాని కైనచో అది జైలు రిజిస్టరులో నొక పంక్తి.

గోడకును ఒక చరిత్ర కలదు. ఇంగ్లండులో బెంథాము 1791లో నొక గుండ్రని కట్టడమును ఊహించి ప్రకటించెను. నడుమ కావలివాడు, చుట్టును గదులు. కావలివాడు అందరిని చూడగలడు, వానిని ఎవ్వరును చూడలేరు. ఆ యూహ ఖండములు దాటి పోర్టుబ్లేరు సెల్యులరు జైలునకు మేనరికపు చుట్టమైనది. అది 1896లో మొదలై 1906లో ముగిసినది. నడిమి గోపురమునుండి ఏడు శాఖలు, 693 గదులు. ఒక శాఖ ముఖము మరియొక శాఖ వీపును చూచునట్లు కట్టిరి. ఎదుటివాని ముఖమైనను కానరాకూడదని యుద్దేశము. అందు ఖైదీలను ఎద్దులకు మారుగా గానుగకు కట్టి నూనె తీయించిరి. గానుగ ఆడించువారిని మనవైపు గాండ్లవారందురు. గాండ్లపెంట పేరు చెవిని పడినపుడెల్ల మాకు ఆ గానుగ జ్ఞప్తికి వచ్చును. ఒకచోట కులవృత్తియై కుటుంబమును పోషించిన పనియే మరియొకచోట మనుష్యుని విరుచు సాధనమైనది. పనిలో పాపము లేదు, పుణ్యమును లేదు. ఎవని కొరకు, ఎట్లు చేయించుచున్నారన్నదానిలో నున్నది.

కుంఫిణీ కాలమున ఖైదీలను సంకెళ్ళతో రోడ్లు వేయించెడివారు. 1836లో మెకాలే సభ్యుడుగా నేర్పడిన జైలు సంఘము 1838లో నివేదిక నిచ్చినది. బయటి పని మాన్పించి ఖైదీని లోపల నుంచవలెననియు, విసుగు పుట్టించు పని చేయింపవలెననియు, చదువు, నీతిబోధ, బహుమానము మున్నగువానితో వానిని బాగుచేయుట సర్కారు పని కాదనియు దాని యభిప్రాయము. సెంట్రలు జైళ్ళు కట్టుట ఆ నివేదికనుండి బయలుదేరినదే. మన రాజమహేంద్రవరపు సెంట్రలు జైలు 1864 నాటిది. ఆ వెనుక 1894లో వచ్చిన జైళ్ళ చట్టము నూరేండ్లకు పైగా దేశమును ఏలినది. ఖైదీని బాగుచేయుటయు జైలు ధర్మమేయని సర్కారువారి సంఘమే యొప్పుకొనుటకు 1919-20 వరకు పట్టినది.

ఆ పిమ్మట గోడను తీయు సాహసము ఎవరికి కలిగినదని విచారించితిమి. ఉత్తరప్రదేశములో కాశికి చేరువ చంద్రప్రభానదిపై ఆనకట్ట కట్టుటకు 1952లో ఖైదీలను గోడలేని శిబిరమున నుంచిరి. దానికి కారకుడైన సంపూర్ణానందుడు స్వరాజ్యోద్యమములో తానే జైలు కూడు తిన్నవాడు. హైదరాబాదు చేరువ మౌలాలిలో 1954లోను, మన రెడ్డిపల్లెలో 1965లోను వ్యవసాయక్షేత్రములు వెలసినవి. మన తెలుగుదేశములో ఉన్నవ లక్ష్మీనారాయణగారు మాలపల్లిని జైలులోనే వ్రాసిరి. ఆ తరమువారు లోపలనుండి గోడను చూచిరి. దొంగయని పేరుపడినవానితో ఒకే బారకులో పరుండి, వాడును తమవలెనే తల్లికి జాబు వ్రాయించుకొనుట చూచిరి. బయటనుండి జైలును చూచినవారు గోడ యెత్తు పెంచిరి. లోపలనుండి చూచినవారికే దానిని తీయవచ్చునన్న తలంపు వచ్చినది.

అయితే గోడ లేనంతమాత్రమున ధర్మము కలదని మేము భ్రమపడము. బాపట్ల చేరువ స్టువార్టుపురమునకును గోడ లేదు. 1913 ప్రాంతమున సాల్వేషన్ ఆర్మీ వారి యాధిపత్యమున సర్కారు ఎరుకలవారిని కుటుంబములతో అచటకు చేర్చినది. పొలములిచ్చిరి, బడి పెట్టిరి, పని చూపిరి. పైకి చూచినవారికి అది రెడ్డిపల్లె కంటె మెరుగుగా తోచియుండును. కాని అచటివారు చేసిన నేరమేమి? పుట్టుక. 1871లో మొదలైన నేరస్థజాతుల చట్టము తల్లిగర్భములోని బిడ్డనుగూడ అనుమానించినది. వేళకు హాజరు పలుకవలెను, సెలవుచీటి లేక ఊరు దాటరాదు. మద్రాసు రాజధానిలో 1947లోను, దేశమంతట 1952లోను ఆ చట్టము పోయినది. రెడ్డిపల్లె ఖైదీని పారిపోవని మాట యిమ్మని యడిగిరి. స్టువార్టుపురపువాని నెవ్వరు నేమియు నడుగలేదు. వాడు ఏమి చెప్పినను అబద్ధమేయని ముందే నిర్ణయించుకొన్నారు. గోడలేని రెండు చోట్లకును గల భేద మిదియే. చూపునకు చిన్నదిగా నున్నను, మనుష్యునకును పశువునకును గల భేదమంత పెద్దది.

చట్టము పోయినను దాని నీడ పోలేదు. పలు రాష్ట్రముల జైలు నియమములలో కులమును బట్టి పని పంచుటయు, సంచారజాతులవారిని అలవాటుపడ్డ నేరస్థులుగా నెంచుటయు నిలిచియే యున్నందున, అట్టి నియమములు రాజ్యాంగవిరుద్ధములని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3వ తేదీన కొట్టివేయవలసివచ్చినది. ఇది రెడ్డిపల్లెతో పనిలేని మాట కాదు. బయలు జైలునకు పంపువారిని ఏరునపుడు ‘అలవాటుపడ్డ నేరస్థుడు’ అను ముద్ర గలవానిని సాధారణముగా తీసివేయుదురు. ఆ ముద్ర పుట్టుకతో వచ్చినదైనచో, వాడు ఎంత బుద్ధిగా నుండినను మాట యిచ్చు నవకాశమే వానికి రాదు.

మా మాటకు ఎదురుమాట లేకపోలేదు. మొదటిది మెట్టరైతు చెప్పునది. “వానలేని యేడు నేను పెండ్లాము బిడ్డలతో వలసపోవుదును. మనిషిని చంపినవానికి సర్కారు మూడుపూటల కూడు పెట్టి, నీళ్ళున్న పొలము దున్నించునా?” ఈ ప్రశ్నలోని బాధ నిజమైనది. కాని దానికి జవాబు చెప్పవలసినది జైలుశాఖ కాదు. ఖైదీ కంచములోని ముద్ద తీసినంత మాత్రమున రైతు చేనిలో చినుకు పడదు. స్వతంత్రుడైన సేద్యగాడు ఖైదీని చూచి అసూయపడు దుస్థితి వచ్చెనన్నచో, ఆ సిగ్గు ఖైదీది కాదు, పాలించువారిది.

రెండవ ఎదురుమాట హతుని యింటినుండి వచ్చునది. దీనిని మే మంత తేలికగా తీసివేయజాలము. కక్షలతో ఎన్నియో ఇండ్లు కూలిన సీమ యిది. భర్త నరకబడిన స్త్రీ బస్సులో అనంతపురము పోవుచు, ఆ చంపినవాడు ఎండలో పశువులను తోలుకొని పోవుట చూచెననుకొందము. ఆమెకు మనము ఏ శాస్త్రము చదివి వినిపింపగలము? అతడు మారినాడని చెప్పుదుమా? ఆమె భర్త మారుటకు వీలులేని చోటికి పోయినాడు. ఆమె కోపము న్యాయమైనదే. అయినను మే మామెను ఒకటి యడుగుదుము. ఆ గోడ లోపల కూర్చున్నవాడు నీ కేమి యిచ్చినాడమ్మా? నీ బిడ్డల బడికి కాసిచ్చినాడా? 1998లో సుప్రీంకోర్టు ఖైదీల పనికి న్యాయమైన కూలి యియ్యవలెనని చెప్పుచు, అందు కొంతభాగమును హతుల కుటుంబములకు చేర్చు నేర్పాటు చేయుమని రాష్ట్రములకు సూచించినది. కూలి యనునది పని గలచోటనే పుట్టును. పొలములో వేరుసెనగ తీసినవాని చేతినుండి ఆమె యింటికి కొంతయైనను రాగలదు. ఆ సొమ్ము ఆమె పుచ్చుకొనునా, విసరికొట్టునా యనునది ఆమె యిష్టము. ఆమె విసరికొట్టినను మేము తప్పుపట్టము.

కూలిమాట వచ్చినది గనుక, మన రాష్ట్రమునుండి పోయిన యొక వ్యాజ్యమును తలపవలెను. 1977లో గియాసుద్దీన్ అను యువకుని మోసపు నేరముపై ఆంధ్రప్రదేశమునుండి సుప్రీంకోర్టునకు అప్పీలు వెళ్ళినది. జస్టిస్ కృష్ణయ్యరు శిక్ష తగ్గించుటతో నూరకుండక, ఆ ఖైదీకి తగిన పనియు, ఆ పనికి కూలియు ఇయ్యవలెనని చెప్పెను. ఆయనయు 1948లో నొక నెల జైలులో నున్నవాడే. మరుసటి యేడు, అనగా 1978లో మోతీరాము అను తాపీమేస్త్రి వ్యాజ్యము ఆయన యెదుటికే వచ్చినది. మధ్యప్రదేశములో క్రింది న్యాయాధికారి వానిని 10,000 రూపాయల పూచీ యడిగి, వాని సోదరుడు పూచీ పడుదునన్నను వేరు జిల్లావాడని త్రోసివేసెను. 1,000 రూపాయలకు వాని స్వంత బాండుమీద విడువుమని సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. పూచీదారుడు లేకయే పేదవాని మాటపై వానిని విడువవచ్చునని అప్పుడే తేలినది.

చట్టములోనికిని అది కొంత వచ్చినది. జామీను హక్కుగా దొరకు నేరములలో, పట్టుబడిన వారము దినములలో పూచీ చూపలేనివానిని బీదవానిగా నెంచి పూచీ లేకయే విడువవలెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ విభాగము ప్రకారము, మొదటిసారి నేరము మోపబడినవాడు ఆ నేరమునకు గల గరిష్ఠశిక్షలో మూడవవంతు కాలము విచారణలోనే గడిపినచో బాండుమీద విడువవలెను. మరణశిక్షయో యావజ్జీవశిక్షయో పడదగిన నేరములకు ఇది వర్తింపదు. మూడవవంతు! శిక్ష వేయకయే మూడవవంతు అనుభవింపజేసి, ఆ తరువాత నమ్మకము మొదలిడును. ఇంకను, పేద ఖైదీలకు పూచీసొమ్ము కట్టుటకై కేంద్రసర్కారు 2023లో నొక పథకమును తెచ్చినది. విచారణలోనున్న యొక్కొక్కనికి 40,000 రూపాయల వరకు ఇత్తుమని అప్పుడు నిర్ణయించిరి. దయగల పనియే, కాదనము. కాని ఒక్కమారు విచారించి చూడుడు: కూలివాని మాట నమ్ముట కంటె, ఆ మాటకు మారుగా తన ఖజానానుండియే తీసి తనకే 40,000 పూచీ కట్టుకొనుట సర్కారునకు సుళువుగా తోచినది.

మాకు తోచిన మార్గము పెద్ద విప్లవము కాదు. ఊరిలో మనుష్యుని యెరిగినవా రుందురు. వాడు ఎచట నిద్రించునో, ఎవరి చేనికి పోవునో, వాని బిడ్డలు ఏ బడిలో నున్నారో గాండ్లపెంటలో నడుగగానే తెలియును. ఆ యెరుకను కాగితముమీద పెట్టి న్యాయాధికారి యెదుట నుంచువాడు కావలెను. ఆ పనికి మండలమునకొక ఉచిత న్యాయసేవకుడు చాలును. పాసుపుస్తకము లేదని కాక, పారిపోవు మనిషి యని తోచినప్పుడే జామీను నిరాకరింపవలెను. విచారణలో నున్నవాడైనను అడిగినచో వానికి పనియు, కూలియు, బయటి గాలియు ఇయ్యవలెను. రెడ్డిపల్లె పొలములో అంత చోటున్నది. శిక్ష పడినవారికి చెల్లిన నియమము శిక్ష పడనివారికి చెల్లకపోవుటకు కారణ మేమో మా కెవ్వరును ఇంతవరకు చెప్పలేదు. తెలిసినవారు చెప్పినచో వినుటకు సిద్ధముగా నున్నాము.

ఈ దినముకూడ కదిరి న్యాయస్థానపు అరుగుమీద నెవతెయో యొక స్త్రీ భర్తకు పూచీ పడువారికై కూర్చుండియుండును. ఆమెతో వచ్చినవాడు ఒకడే, అతనికి భూమి లేదు. సాయంకాలపు బస్సు తప్పినచో మరల రేపటికి గాని లేదు.